టుమారో బ్యాండు తిరగేసిన గిటార్: బెజవాడ గదిలో రాబట్టడం ఎలా

1967 మేలో లండన్ బ్యాండు టుమారో ‘మై వైట్ బైసికిల్’ సింగిల్ విడుదల చేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే యువకుల తిరుగుబాటు ఉద్యమం వాళ్లు జనమంతా వాడుకోమని వీధుల్లో పెట్టిన తెల్ల సైకిళ్ల మీద కట్టిన పాట అది. అందులో వినబడే తిరగేసిన గిటార్ కోసం విజయవాడ, గుంటూరుల్లో వాయించేవాళ్లు సాధారణంగా చేసేది ఒకటుంది. సోలో మామూలుగా రికార్డు చేసి, కంప్యూటర్లో రివర్స్ నొక్కేస్తారు. శబ్దం వింతగానే ఉంటుంది, పాటకి మాత్రం అతకదు.

ఎందుకంటే వీణైనా గిటారైనా తీగ మీటగానే స్వరం గట్టిగా పుట్టి మెల్లగా సన్నగిల్లుతుంది. తిరగేస్తే సన్నగా మొదలై, ఉబ్బుతూ వచ్చి, మీటిన చోట టక్కున తెగిపోతుంది. ఆ తెగే చోటు తాళం దెబ్బ మీద పడాలి, అప్పుడు నడుస్తున్న కార్డుతో (ఒకేసారి మోగే స్వరాల గుంపుతో) స్వరం కలవాలి. ఈ రెండూ కుదరాలంటే మొదట వెనక వాద్యాన్నే, అంటే సోలో కింద మోగే కార్డుల ట్రాక్‌నే, తిరగేసి, దాని మీద సోలో వాయించి, ఆ తర్వాత సోలోని తిరగేయాలి.

ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఈ పనికి అది చాలు. వేగం నిమిషానికి 120 బీట్లు పెట్టండి, లెక్క తేలిగ్గా ఉంటుంది: ఒక బీటు అర సెకను, నాలుగు బీట్ల బార్లు 8 అయితే సరిగ్గా 16 సెకన్లు. క్లిక్ (బీటుకోసారి టిక్‌మనే శబ్దం) మీద జి, సి, డి, జి కార్డులు రెండేసి బార్లు వాయించండి. చివరి కార్డు మోత 16వ సెకను దాటి సాగుతుంది, దాన్ని నిర్దయగా కోసేయండి. మోత పోతుందని 16.3 సెకన్ల దాకా ఉంచితే, తిరగేశాక మొదటి బీటు 0.3 సెకను ఆలస్యంగా మొదలవుతుంది. సోలో క్లిక్‌తో వాయించినా మళ్లీ తిప్పాక దెబ్బలన్నీ తప్పుతాయి.

ఈ ట్రాక్‌కి నకలు తీసి, నకలుని రివర్స్ చేసి, అసలుని మ్యూట్ చేయండి. ఇప్పుడు కార్డులు జి, డి, సి, జి వరసలో వస్తాయి. హెడ్‌ఫోన్లో వింటూ సోలో వాయించండి. నెక్ పికప్ (గిటార్ మెడ వైపున్న పికప్), టోన్ కొంచెం తగ్గించి, మోత నిలిచేంత ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరుకుగా పెంచే ఎఫెక్ట్). ఒక్కో స్వరాన్ని కనీసం రెండు బీట్లు మోగనివ్వండి. గబగబా వాయిస్తే ఉబ్బడానికి చోటుండదు, చివరికి కీచుమనే ముక్కలే మిగులుతాయి. పైకి లాగిన బెండ్ (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) తిరగేశాక కిందికి జారుతుంది, కాబట్టి పైకి పోవాలనుకున్న చోట ముందే లాగి పట్టుకుని మీటి, మెల్లగా వదలండి.

సోలో రికార్డింగ్ సున్నా నుంచి 16 దాకా నిశ్శబ్దంతో సహా ఒకే ముక్కగా ఉండాలి. మూడో సెకనులో మొదలైన ముక్కని అక్కడికక్కడే తిరగేస్తే అది వేరే కార్డు మీద కూర్చుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది లేటెన్సీ, అంటే వాయించింది కంప్యూటర్లో నమోదయ్యేసరికి అయ్యే ఆలస్యం. మామూలు రికార్డింగ్‌లో సోలో 40 మిల్లీసెకన్లు వెనకబడితే, తిరగేశాక అదే 40 ముందుకొస్తుంది. వినేవాడికి తొందరపడుతున్నట్టు ఉంటుంది, వాయించినవాడికి తప్పెక్కడో తోచదు. క్లిక్‌ని హెడ్‌ఫోన్లో మోగించి, మైకుతో తిరిగి రికార్డు చేసి, రెండు క్లిక్‌ల మధ్య తేడా కొలవండి. సోలోని తిరగేయక ముందే అంత ఎడమకి జరపండి. ఆపైన రివర్స్ చేసి, అసలు వెనక వాద్యాన్ని అన్‌మ్యూట్ చేసి వినండి.

టేపు రోజుల్లో ఇదంతా రీలు తిరగేసి చేసేవారు. నాలుగు ట్రాకుల రీలు తిరగేస్తే ఒకటో ట్రాకు నాలుగోదవుతుంది, ఏమరుపాటుగా ఉంటే తప్పు ట్రాకు మీద రికార్డయి ఉన్నది చెరిగిపోతుంది. కంప్యూటర్లో అండూ ఉంది, అది చాలా పెద్ద వరం.

ఆ కాలపు మరో శబ్దం ఫేజింగ్, విమానం తలమీదుగా పోతున్నట్టుండే ఊపు. పది సెకన్ల డ్రమ్ముల ముక్కకి రెండు ప్రతులు పెట్టండి. రెండోదాని మొదట్లో 5 మిల్లీసెకన్లు కోసి, మిగతాది సున్నాకి జరిపి, వేగం 0.1 శాతం తగ్గించండి. మొదట 5 మిల్లీసెకన్లు ముందున్నది, ఐదో సెకనులో కలిసి, పదో సెకనుకి 5 వెనకబడుతుంది. రెండు ప్రతులూ మధ్యలోనే మోగాలి. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెడితే ఊపు పుట్టదు. ముప్ఫై సెకన్లు సాగనిస్తే తేడా 25 మిల్లీసెకన్లకి చేరి, ఊపు పోయి జంట డ్రమ్ములు వినిపిస్తాయి. సింబల్స్ (డ్రమ్ములతో వాయించే లోహపు పళ్లేలు) మీద ఇది అద్భుతంగా పలుకుతుంది, బేస్ మీద పెద్దగా తెలియదు.

ఇక మన ఊరి సంగతి. ఫ్యాను గాలి మైకులో పడితే, తిరగేసినా ఆ హోరు అలాగే ఉంటుంది. మే నెలలో ఫ్యాను ఆపడం కష్టమే గనక తెల్లవారుజామున రికార్డు చేయండి, లేదా గిటార్‌ని నేరుగా ఇంటర్‌ఫేస్‌కి (గిటార్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) కలపండి. ఎర్త్ సరిగ్గా లేని ఇంట్లో లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపితే గుయ్‌మనే మోత చాలావరకు తగ్గుతుంది. ఉక్కపోత చెమటకి తీగలు త్వరగా తుప్పుపట్టి మోత తగ్గుతుంది, ఇక్కడ మోతే ప్రాణం. వాయించిన ప్రతిసారీ పొడిగుడ్డతో తుడవండి.

టుమారోని మొత్తంగా వినాలంటే ఎక్కువ సమయం పట్టదు. 1967లో రెండు సింగిల్స్, 1968 ఫిబ్రవరిలో పార్లోఫోన్ రికార్డు కంపెనీ మీద ఒక్క ఎల్‌పీ, అంతే. నిర్మాత మార్క్ విర్ట్జ్‌తో కలిసి గాయకుడు కీత్ వెస్ట్ విడిగా పాడిన పాట 1967లో బ్రిటన్ చార్టుల్లో రెండో స్థానానికి చేరింది, బ్యాండు సింగిల్స్ మాత్రం చార్టులకి ఎక్కలేదు. 1968లోనే బ్యాండు విడిపోయింది. డ్రమ్మర్ ట్వింక్ ప్రెటీ థింగ్స్ బ్యాండులో చేరాడు. గిటార్ స్టీవ్ హౌది, 1970లో అతను యెస్ అనే బ్యాండులో చేరాడు. ముందు సింగిల్ విని, తర్వాత ఆ ఫైలునే ఆడాసిటీలో తిరగేసి వినండి. హౌ నిజంగా ఏ స్వరాలు మీటాడో అప్పుడు సూటిగా వినబడతాయి, వాటినే నేర్చుకోండి.