శాండ్‌విచ్ ప్రభువు పదవీ జీవితాన్ని అధ్యయనం చేయవలసిన తీరు

బ్రిటిష్ రాజకీయవేత్త, నాలుగవ శాండ్‌విచ్ ప్రభువు జాన్ మాంటగు (1718–1792) గురించి వ్యాసం రాయదలచిన విద్యార్థి, ఆయన బిరుదుతో ముడిపడిన రొట్టె ముక్కల కథను మొదట పక్కన పెట్టి, ఆయన పదవీకాలాలను ఒక కాగితం మీద వరుసగా రాసుకోవాలి. పదేళ్ల వయసులో, 1729లో, తాతగారి నుంచి ప్రభువు బిరుదు సంక్రమించిన ఆయన 1744 చివరలో, బ్రిటిష్ నౌకాదళాన్ని పాలించే అడ్మిరల్టీ బోర్డులో సభ్యుడయ్యారు. 1748 నుంచి 1751 వరకు, 1763లో కొద్ది నెలలు, మళ్లీ 1771 నుంచి 1782 మార్చి వరకు ఆ బోర్డు అధిపతి అయిన ఫస్ట్ లార్డ్‌గా నౌకాదళ శాఖను నడిపారు. మధ్యలో తపాలా శాఖ అధిపతి అయిన పోస్ట్‌మాస్టర్ జనరల్‌గానూ, ఉత్తర ఐరోపా దేశాలతో వ్యవహారాలు చూసే మంత్రి అయిన ఉత్తర విభాగ రాజ్య కార్యదర్శిగానూ ఉన్నారు.

ఒక్కొక్క పదవి ఎందుకు వచ్చిందో, ఎందుకు పోయిందో ఆ తేదీల పక్కనే రాయండి. 1751లో ఆయనను తొలగించినది అసమర్థుడని కాదు. ఆయనకు అండగా నిలిచిన బెడ్‌ఫర్డ్ డ్యూకును మంత్రివర్గం నుంచి సాగనంపడానికి అదే మంత్రివర్గంలోని న్యూకాజిల్ డ్యూకు వేసిన ఎత్తు అది. ఆనాటి పదవులు ముఠాల బలాబలాలను బట్టి మారేవన్న సంగతి మరిచిపోతే, ఈ జీవితంలో ఏ మలుపూ సరిగ్గా అర్థం కాదు.

తరువాత చూడవలసినది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, పని విభజన. ఫస్ట్ లార్డ్ మంత్రివర్గంలో కూర్చునే రాజకీయవేత్త; ఓడల నిర్మాణం, మరమ్మతులు, డాక్‌యార్డుల నిర్వహణ అడ్మిరల్టీ కింద పనిచేసే నేవీ బోర్డు అనే వేరే సంస్థ చేతిలో ఉండేవి. అందువల్ల ఆయనపై వచ్చిన ప్రతి ఆరోపణకూ, ఆ నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న వేసుకోవాలి. ఆయన సొంత కృషి డాక్‌యార్డులలోనే కనిపిస్తుంది. 1749లోనే స్వయంగా తనిఖీకి బయలుదేరిన ఆయన, 1770ల్లో ఆ పర్యటనలను ఆనవాయితీగా మార్చారు. పచ్చి కలపతో కట్టిన ఓడలు త్వరగా కుళ్లిపోతాయి కనుక, ఓక్ దుంగలను ముందే కొని ఆరనివ్వడంపై శ్రద్ధ పెట్టారు. నేవీ బోర్డు కంట్రోలర్ (అధిపతి) చార్లెస్ మిడిల్టన్ పట్టుదలతో 1779 నుంచి యుద్ధనౌకల అడుగుభాగానికి విస్తృతంగా రాగి రేకులు తాపడం చేయించారు. దానివల్ల నాచూ, కలపను తొలిచే పురుగులూ పట్టక ఓడల వేగం నిలిచింది. అయితే రాగి తాకిడికి ఇనుప బోల్టులు తినివేయబడే కొత్త చిక్కు వచ్చిపడింది. ఈ రెండింటినీ కలిపే రాయాలి.

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ఆయనపై వచ్చిన విమర్శలను మరింత జాగ్రత్తగా చదవాలి. 1778లో ఫ్రాన్స్, మరుసటి ఏడు స్పెయిన్ బ్రిటన్‌కు వ్యతిరేకంగా రంగంలోకి దిగాయి. 1778లో ఫ్రెంచి నౌకాదళంతో జరిగిన అషాంట్ పోరాటం తరువాత కెపెల్, పాలిసర్ అనే ఇద్దరు అడ్మిరళ్లపై జరిగిన సైనిక విచారణలు పార్టీ కలహాలుగా మారాయి. ప్రతిపక్షానికి చెందిన కెపెలే 1782లో శాండ్‌విచ్ స్థానంలో ఫస్ట్ లార్డ్ అయ్యారు కనుక, ఆ వర్గం రాసిన మాటలను ఏకైక సాక్ష్యంగా తీసుకోవడం న్యాయం కాదు.

చివరగా, అదే కాగితం మీద 1782 ఏప్రిల్ 12 అని రాయండి. ఆయన పదవి వదిలిన మరుసటి నెలలోనే, ఆయన హయాంలో సిద్ధమై బయలుదేరిన నౌకాదళంతో అడ్మిరల్ రోడ్నీ కరీబియన్ సముద్రంలోని సెయింట్స్ దీవుల వద్ద ఫ్రెంచివారిని ఓడించారు.