రాత్రి (సి) షిఫ్ట్ చేసినా ఆబ్సెంటే ఎందుకు పడుతోంది? క్లౌడ్ హెచ్‌ఆర్‌లో సమస్యలు - పరిష్కారాలు

మన విశాఖ చుట్టుపక్కల చూడండి: గాజువాక ఆటోనగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపులు, పరవాడలో మందుల కంపెనీలు, అచ్యుతాపురం సెజ్‌లో యూనిట్లు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు. రెండు మూడు వందల మంది పనిచేసే ఇలాంటి చోట్ల హాజరు, జీతం, అప్రైజల్ (ఏటా పనితీరుకు మార్కులు), శిక్షణ రికార్డులు రిజిస్టర్లలోంచి క్లౌడ్‌లోకి, అంటే నెట్ ద్వారా వాడుకునే సాఫ్ట్‌వేర్ కంపెనీ సర్వర్లలోకి వెళ్తున్నాయి. మనిషికి నెలకింత అని కడితే సరి, సొంత సర్వర్ అక్కర్లేదు. మారిన కొత్తలో వచ్చే ఫిర్యాదులు మాత్రం ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకటే. వాటిలో చాలావాటికి మూలం సాఫ్ట్‌వేర్‌లో లేదు, మనం దానికి చెప్పిన నియమాల్లో ఉంది. అందుకే మనిషిని అనుమానించే ముందు రికార్డును అనుమానించండి. రోజు కూలి కోసేముందు మరీను.

రాత్రి షిఫ్ట్ వాళ్లకు ఆబ్సెంట్ పడుతోంది

లక్షణం: రాత్రి 10కి లోపలికెళ్లి ఉదయం 6కి బయటికొచ్చిన మనిషికి మెషిన్‌లో వేసిన హాజరు (పంచ్) మొదటి రోజు "అవుట్ పంచ్ లేదు", మర్నాడు "ఇన్ పంచ్ లేదు" అని చూపిస్తుంది.

కారణం: అర్ధరాత్రి 12కి రోజు అయిపోయిందని సాఫ్ట్‌వేర్ లెక్క.

పరిష్కారం: షిఫ్ట్‌ల వేళలు నమోదు చేసే షిఫ్ట్ మాస్టర్ పేజీలో సి షిఫ్ట్‌ను మర్నాటికి దాటే షిఫ్ట్‌గా పెట్టండి. పంచ్ తీసుకునే వ్యవధిని సాయంత్రం నుంచి మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంచండి. సి షిఫ్ట్ అయ్యాక తర్వాత రావాల్సిన మనిషి రాక ఉదయం ఎ షిఫ్ట్ కూడా చేసేవాళ్లుంటారు, వాళ్ల ఓవర్‌టైమ్ (ఓటీ) పోకూడదు. సెట్టింగ్ మార్చాక పాత తేదీల హాజరును మళ్లీ ప్రాసెస్ చేయించండి. ఈ ఒక్క పని మరిచిపోతే గత నెల కోత అలాగే నిలిచిపోతుంది.

అందరి పంచ్‌లూ సరిగ్గా ఐదున్నర గంటల తేడాతో కనిపిస్తే అది టైమ్ జోన్ తప్పు, భారత సమయానికి మార్చండి. పది పదిహేను నిమిషాల తేడా అయితే గేటు దగ్గరి మెషిన్ గడియారం తప్పింది, నెట్ నుంచి సమయం తీసుకునే ఆప్షన్ ఆన్ చేయండి.

మెషిన్ వేలిముద్ర తీసుకోవట్లేదు

ఐసు నీళ్లలో చేతులు నానే రొయ్యల ప్లాంటు మహిళలకూ, గ్రైండింగ్ చేసేవాళ్లకూ వేలిముద్రలు అరిగిపోతాయి. రెండు చేతుల నుంచీ వేళ్లు నమోదు చేయండి, లేదా ముఖం గుర్తించే మెషిన్ పెట్టండి. అదీ కుదరని రోజు సూపర్‌వైజర్ ఫోన్‌లోంచి హాజరు వేసే వీలుండాలి.

నెట్ పోయిన రోజు హాజరు మాయమైంది

చాలా మెషిన్లు పంచ్‌లను తమలోనే దాచుకుని, నెట్ వచ్చాక పంపుతాయి. పంపకపోతే పాత తేదీల డేటాను మెషిన్ నుంచి మళ్లీ లాగమని సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీని అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. డేటా హైదరాబాద్‌లోనో ముంబైలోనో భద్రంగా ఉన్నా, ఇక్కడి లైను తెగితే అది మీ చేతికి అందదు. రెండో కంపెనీ సిమ్‌తో ఒక రూటర్, దానికి యూపీఎస్, ప్రతి నెలా డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్న జీతాల రిజిస్టర్, బ్యాంకు ఖాతాల జాబితా ఉండాలి. తుఫాను తర్వాతే జీతం అవసరం ఎక్కువ.

పీఎఫ్ దగ్గర పేరు కలవట్లేదు

మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క అక్షరంగానే ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్లుంటాయి. నింపినవాళ్లు తలోరకంగా నింపుతారు. ఆధార్ మీద ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే ఎక్కించండి. ఎక్సెల్‌లోంచి అప్‌లోడ్ చేస్తుంటే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు), బ్యాంకు ఖాతా నంబర్ల గళ్లను ముందే టెక్స్ట్‌గా మార్చండి. లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, 15 అంకెలు దాటిన నంబరులో చివరి అంకెలు సున్నాలవుతాయి. పీఎఫ్ కట్టడానికి గడువు తర్వాతి నెల 15. ఈ సవరణలు ఆ వారంలో పెట్టుకోకండి.

అప్రైజల్‌లో అందరికీ ఐదుకు 3 పడింది

అసలు నష్టం ఇక్కడే. హాజరు తప్పయితే మనిషి ఆ నెలలోనే అడుగుతాడు. నైపుణ్యం రికార్డు కాకపోతే అడగడు, ఏదో ఒకరోజు హైదరాబాద్ వెళ్లిపోతాడు.

ఫారాలు ఆఫీసు ఉద్యోగాల కోసం ఇంగ్లీషులో రాసినవి. ఓనర్‌షిప్, స్టేక్‌హోల్డర్ మేనేజ్‌మెంట్ లాంటి మాటలకు వెల్డింగ్ షాపు ఫోర్‌మన్ ఏమని మార్కులు వేస్తాడు? మార్చి ఆఖర్లో ఒక సాయంత్రం కూర్చుని అందరికీ 3 వేసి పంపేస్తాడు. తప్పు ఆయనది కాదు, ఆయనకు తెలిసిన దాన్ని అడగని ఫారానిది.

ఆ ప్రశ్నలు తీసేసి, ఒక్కో పనికి నాలుగు మెట్లు తెలుగులో పెట్టండి: చూసి నేర్చుకుంటున్నారు, పక్కన ఒకరుంటే చేస్తారు, ఒంటరిగా చేస్తారు, ఇంకొకరికి నేర్పుతారు. దాదాపు ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఇలా సొంత గళ్లు చేర్చుకోవచ్చు. నాలుగో మెట్టుకు డబ్బు ముడిపెట్టండి. పని నేర్పేవాళ్లకు ఇంక్రిమెంట్‌లో ఏమీ కనిపించకపోతే వాళ్లు నేర్పడం మానేస్తారు. ఫోర్‌మన్‌ను నెలకోసారి ఫోన్‌లో రెండు వాక్యాలు చెప్పమనండి, వాయిస్ టైపింగ్ తెలుగులో బాగానే పనిచేస్తుంది.

సర్టిఫికెట్లకు గడువు అలర్టులు పెట్టండి. ఏఎస్‌ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్ సెక్షన్ 9 ప్రకారం పాసైన వెల్డర్ ఆరు నెలలకు మించి ఆ వెల్డింగ్ పద్ధతిలో వెల్డింగ్ చేయకపోతే ఆ అర్హత పోతుంది. ఐదో నెలలో ప్లానింగ్ వాళ్లకు మెసేజ్ వెళ్తే ఆ మనిషికి ఒక జాబ్ ఇచ్చి నిలబెట్టుకోవచ్చు.

ఇక తన నైపుణ్యాల పేజీని తాను చూసుకునే వీలు ప్రతి ఒక్కరికీ ఇవ్వండి. ఇన్నాళ్లూ ఎవరికి ఏ పని వచ్చో ఒక్క ఫోర్‌మన్‌కే తెలుసు. ఆయన రిటైరైతే ఇరవై మంది పనితనానికి సాక్షి లేకుండా పోయేది. క్లౌడ్ వల్ల మనకు దక్కే పెద్ద మేలు ఇదేనని నా నమ్మకం.

మానేసినవాళ్ల లాగిన్ ఇంకా పనిచేస్తోంది

పేరోల్‌లో (జీతాల జాబితాలో) పేరు తీశారు గానీ హెచ్‌ఆర్ యాప్‌లో తీయలేదు. వాళ్లకు నెలనెలా చందా కడుతూనే ఉంటారు, పైగా మిగతావాళ్ల ఫోన్ నంబర్లు, జీతాలు వాళ్లకు కనిపిస్తుండొచ్చు. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, డేటాకు తగిన భద్రత కల్పించకపోతే ₹250 కోట్ల దాకా జరిమానా ఉంది. ఆఖరి పనిరోజు సాయంత్రమే లాగిన్ మూసేయండి. పే స్లిప్పులు, అప్పటిదాకా వచ్చిన ఫారం 16లు (జీతంలో కోసిన ఆదాయపు పన్ను పత్రాలు), నైపుణ్యాల పేజీ పీడీఎఫ్‌గా చేసి ముందే వాళ్ల చేతికివ్వండి.