అద్దె పోర్షన్ గోడకి చెమ్మ: రంగు డబ్బా కొనేముందు బయటికెళ్లి చూడండి

గోడ అడుగున మోకాలి ఎత్తు నుంచి నడుము ఎత్తు దాకా రంగు పొక్కులు లేస్తుంది. గీకితే తెల్లటి ఉప్పు రాలుతుంది. బీరువాలో బట్టలకి బూజు పట్టిందని అద్దెకున్నావిడ ఫోన్ చేస్తుంది. మనం పెయింటర్‌ని పిలుస్తాం. నేనూ పిలిచాను, రెండుసార్లు.

ముందు చెమ్మ ఎక్కడుందో చూడండి. పైనుంచి దిగుతుంటే శ్లాబు. గోడ మధ్యలో మచ్చలా ఉంటే అవతల బాత్రూమ్ పైపు. రాత్రి మోటారు, కుళాయిలు కట్టేసి ట్యాంకులో నీటిమట్టం దగ్గర గీత పెట్టండి, పొద్దున్నకి తేలిపోతుంది. షాపులైతే ఏసీ నీళ్ల గొట్టం గోడవారనే కారుతోందేమో చూడండి. ఇవేవీ కాక, నేల నుంచి మూడడుగుల లోపు గోడ పొడవునా ఉందంటే నీరు కిందనుంచి ఎక్కుతోంది.

బోల్తా పడేది ఇక్కడే. "పాత బిల్డింగు, డీపీసీ వేసి ఉండరు" అనేస్తారు. డీపీసీ అంటే పునాదిలోని తడి పైనున్న ఇటుకల్లోకి ఎక్కకుండా మధ్యలో వేసే పొర. భీమవరం పక్కన మా రెండు షాపులకీ, వెనక పోర్షన్‌కీ డీపీసీ ఉంది, నాన్నగారు దగ్గరుండి వేయించారు. అయినా చెమ్మ. ఎందుకంటే సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ మా వాకిలి పల్లమైపోయేది. వాననీళ్లు లోపలికొస్తున్నాయని బుసక (ఇసక మట్టి) తోలించి మెరక చేయించాను. ముచ్చటపడి గోడకి ఆనించి టైల్స్ కూడా పరిపించాను.

 బయట మట్టి డీపీసీని దాటి పైకొచ్చిందంటే తడి నేరుగా ఇటుకకే తగులుతుంది. ఆ పొర ఉండీ లేనట్టే. బయటి నేల దానికి కనీసం అరడుగు కిందుండాలి. మాది నాలుగంగుళాలు పైనుంది!

దీనికి తోడు కాలవల మాయ ఒకటి. వేసవిలో పొలాలకి నీళ్లిచ్చే కాలవలు కట్టేస్తారు, భూమిలో నీరు దిగుతుంది, గోడ ఆరినట్టే కనిపిస్తుంది. టూలెట్ బోర్డు పెట్టేముందు రంగులు వేయించేదీ అప్పుడే. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీళ్లు వదిలి, ఊడ్పులు అయ్యి, వానలు పట్టేసరికి మళ్లీ పొక్కులు. పెయింటర్‌ని తిట్టుకున్నాను పాపం. రెండోసారి వాటర్‌ప్రూఫ్ రంగు వేయిస్తే, తడి ఆరే దారి మూసుకుపోయి చెమ్మ ఇంకో అడుగు పైకెక్కింది.

కాబట్టి మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల ట్యూబు పట్టి, లోపలి ఫ్లోరింగుకీ బయటి నేలకీ తేడా ఎంతుందో కొలవండి. డీపీసీ సాధారణంగా ఫ్లోరింగు మట్టానికి దగ్గర్లోనే ఉంటుంది. ఐదు నిమిషాల పని, ఒక్కరూ చేయరు.

మట్టి పైనుంటే గోడ వెంట అడుగు వెడల్పున, డీపీసీకి అరడుగు కిందికి తవ్వించి, నీరు నిలవకుండా వాలు పెట్టించండి. బయటి ప్లాస్టరింగు డీపీసీ మీదుగా మట్టిలోకి దిగి ఉంటే అదీ కొట్టించాలి, తడి దాన్ని పట్టుకుని కూడా ఎక్కుతుంది. లోపల చెమ్మ గీతకి అడుగు పైదాకా ప్లాస్టరింగు తీయించి, ఉప్పుని పొడి బ్రష్‌తో దులిపించండి. నీళ్లతో కడగొద్దు, ఉప్పు మళ్లీ గోడలోకే పోతుంది. ఆ తర్వాత ఆరనివ్వండి. తొమ్మిదంగుళాల గోడ ఆరడానికి నెలలు పడుతుంది. ఆ నెలల అద్దె పోతుందని తొందరపడి పూత పూయిస్తే మళ్లీ మొదటికే.

పక్కవాళ్ల గోడ ఆనుకుని తవ్వే వీల్లేకపోతే, ఇటుకల మధ్య వరసగా రంధ్రాలు పెట్టి నీటిని ఆపే మందు ఎక్కిస్తారు. ఖర్చు ఎక్కువ, చేయి తిరిగినవాళ్లయితేనే పెట్టుకోండి.

  

మట్టి తోలించింది మనం. "గోడకి మంచం ఆనించారు, నీళ్లు పోసి కడిగారు" అంటూ అద్దెకున్నవాళ్ల అడ్వాన్సులో కోయకండి. నేను ఒకాయన దగ్గర కోశాను. కారణం తెలిశాక వెతుక్కుని వెళ్లి తిరిగిచ్చాను.

ఈసారి రోడ్డు లేస్తే వాకిలంతా మెరక చేయించకండి. గేటు దగ్గర మాత్రం ఎత్తుగా దిమ్మ కట్టించి, గోడవార తవ్వించిన కాలవని అలాగే ఉంచి, అందులో చేరే నీళ్లు బయటికి తోడటానికి ఒక మూల గుంత, చిన్న మోటారు పెట్టించండి.