ఆర్-390ఏ రిసీవర్: స్విచ్ వేసే ముందు, వేశాక

ఆర్-390ఏ అనే ఈ పాత వాల్వుల రేడియో సెట్టు ఇంటికి రాగానే ప్లగ్ పెట్టి స్విచ్ వేయాలని చెయ్యి లాగుతుంది. దయచేసి ఆగండి. లోపల పది రూపాయల కండెన్సర్ ఒకటి ఉంది. అది లీకైతే, పక్క స్టేషన్లను వడపోసే, ఇప్పుడెవరూ తయారుచేయని మెకానికల్ ఫిల్టర్లు నిమిషాల్లో మాడిపోతాయి. అందుకే ముందుగా చెప్పేవన్నీ ఆ ఒక్క స్విచ్ వేసేలోపు చేయాల్సిన పనులు.

సెట్టు గురించి రెండు మాటలు. 1950లలో అమెరికా సైన్యం కోసం కాలిన్స్ కంపెనీ దీన్ని రూపొందించింది. కాలిన్స్‌తో పాటు మోటరోలా, స్టీవర్ట్-వార్నర్, ఈఏసీ కంపెనీలు కూడా ఇదే డిజైన్‌తో తయారుచేశాయి. 0.5 నుంచి 32 మెగాహెర్ట్జ్ వరకు 32 బ్యాండ్లు, ఒక్కో బ్యాండు ఒక్కో మెగాహెర్ట్జ్. వాల్వులు 26. బరువు సుమారు 38 కిలోలు, కాబట్టి బల్ల మీదికి ఇద్దరు పట్టి ఎక్కించాలి. డయల్‌లో సూది ఉండదు. కారు కిలోమీటర్ మీటరులా అంకెలు తిరుగుతాయి. ఆ అంకెల వెనక గేర్లు, కామ్‌లు, కాయిళ్ళలో పైకీ కిందికీ కదిలే కోర్ల పట్టీలు ఉంటాయి. అంటే ఇది సగం రేడియో, సగం యంత్రం. రెండు సగాలకూ వేర్వేరు సేవ కావాలి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు హామ్‌ఫెస్టుల్లో (హామ్ రేడియోవాళ్ళ సంతల్లో) ఇప్పటికీ దొరుకుతుంది. ఇండియాకి తెచ్చుకునేవాళ్ళకు కావలసిన మార్పులు కూడా కింద చెప్పాం.

కరెంటు లేకుండా చేసే పరీక్ష

పై మూత, కింది మూత తీయండి. వెనక పలక మీద క్లిప్పులో ఒక స్ప్లైన్ రెంచి, ఒక స్క్రూడ్రైవర్ ఉండాలి. లేకపోతే ముందు ఆ రెంచి కొనండి. దీనిపేరు బ్రిస్టల్ రెంచి. చూడ్డానికి ఆలెన్ కీ లాగే ఉంటుంది గానీ మొనకు ఆరు పలకలకు బదులు గాడులు ఉంటాయి. ఆలెన్ కీ దూర్చి తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది, ఇక గేరును షాఫ్టుకు బిగించే ఆ క్లాంపును డ్రిల్లు పెట్టి తీయాల్సిందే.

ఒక్కో డెక్కును, అంటే విడిగా ఊడివచ్చే సర్క్యూట్ భాగాన్ని, పట్టి ఉంచే స్క్రూల తలలకు ఆకుపచ్చ రంగు వేసి ఉంటుంది. డెక్కు బయటికి తీయాలంటే అవి మాత్రమే విప్పండి, మిగతావాటి జోలికి పోకండి.

ఇప్పుడు కిలోసైకిల్ నాబ్‌ను ఒక చివర నుంచి రెండో చివరకు నెమ్మదిగా తిప్పండి. పది చుట్లు పడుతుంది. 000కి ఇవతల, +000కి (తర్వాతి మెగాహెర్ట్జ్ మొదలుకి) అవతల మరికాస్త తిరిగి మెత్తగా ఆగాలి. మధ్యలో ఎక్కడైనా బిగుసుకుంటే బలం పెట్టకండి. ఎండి జిగురైన గ్రీజు దానికి సాధారణ కారణం. మొండిగా తిప్పితే క్లాంపులు జారి గేర్ల లెక్క తప్పుతుంది. నాబ్ తిరుగుతున్నా అంకెలు కదలకపోతే కంగారు పడకండి. జీరో అడ్జస్ట్ నాబ్ బిగించి వదిలేసి ఉంటారు. దాన్ని అపసవ్యంగా చివరిదాకా తిప్పితే సరిపోతుంది.

మీటర్ల ముల్లు మీద, అంకెల మీద వెలిగే పూత ఉన్న పాత మీటర్లలో రేడియం ఉంటుంది. అద్దం విప్పకండి, పూత గీకకండి.

కండెన్సర్లు

అసలు ముద్దాయి పేరు సి553. ఐఎఫ్ డెక్కులో (455 కిలోహెర్ట్జ్‌కు మార్చిన సిగ్నల్‌ను పెంచే భాగంలో) ఉంటుంది, విలువ 0.01 మైక్రోఫారడ్. దానికి ఒక వైపు మిక్సర్ వాల్వు హై వోల్టేజి, రెండో వైపు మెకానికల్ ఫిల్టర్ల సన్నటి కాయిల్. పాత కాగితపు కండెన్సర్ లీకైతే ఆ హై వోల్టేజి కాయిల్ గుండా భూమికి పోతుంది, వెంట్రుకంత తీగ తెగుతుంది. మీటరుతో చూసి బాగుందనుకుని వదిలేయకండి, ఎందుకంటే మల్టీమీటర్ ఇచ్చే కొద్ది వోల్టులకు లీకు బయటపడదు, 200 వోల్టుల దగ్గర పడుతుంది. నేరుగా మార్చేయండి: 0.01 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ కండెన్సర్.

ఐఎఫ్ డెక్కు బయటికి రావాలంటే ముందు పలక వెనక బ్యాండ్‌విడ్త్ (ఎంత వెడల్పు సిగ్నల్ వినాలో ఎంచుకునే స్విచ్), బీఎఫ్‌ఓ (మోర్స్, ఎస్ఎస్‌బీ వినడానికి లోపలే సిగ్నల్ పుట్టించే ఆసిలేటర్) పిచ్ షాఫ్టుల క్లాంపులు వదులు చేయాలి. దానికి ముందు రెండు నాబ్‌లూ ఎక్కడున్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు బ్యాండ్‌విడ్త్ స్విచ్ ఒక మెట్టు తప్పితే, నాబ్ 4 కిలోహెర్ట్జ్ చూపిస్తుంటే లోపల 8 పనిచేస్తుంది.

డెక్కు చేతిలో ఉండగానే గోధుమ రంగు ప్లాస్టిక్ పోత పోసిన కాగితపు కండెన్సర్లన్నీ అదే విలువలో ఫిల్మ్‌వి వేయండి. లోహపు గొట్టంలో, రెండు చివర్లా గాజు సీలు ఉన్నవి చాలావరకు బాగానే ఉంటాయి. మైకా, సిరామిక్‌లను ముట్టుకోకండి. ట్యూనింగ్ వాటి మీదే నిలబడి ఉంది.

ఆడియో డెక్కు మీద ఆక్టల్ బేసులో గుచ్చే ఎలక్ట్రోలిటిక్‌లు రెండు ఉంటాయి, సి603, సి606. పాత డబ్బాలు వదిలేసి, ఖాళీ ఆక్టల్ ప్లగ్గుల్లో ఒక్కో సెక్షన్‌కు 47 మైక్రోఫారడ్, 450 వోల్టులు, 105 డిగ్రీల రకం వేయండి. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి. అదే డెక్కు అడుగున ఉన్న సి609 చిన్నది, 8 మైక్రోఫారడ్. ఇది ఎండిపోతే శబ్దం సన్నబడుతుంది, దీన్ని కూడా మార్చండి. ఏరియల్ రిలేకు కరెంటిచ్చే సెలీనియం రెక్టిఫైయర్ సీఆర్102ను సిలికాన్ బ్రిడ్జితో మార్చడం మంచిది. సెలీనియం కాలితే వచ్చే పొగ విషం.

కరెంటు ఇవ్వడం

సెట్టు 115 వోల్టులకు కట్టి ఉందో, 230కి కట్టి ఉందో పవర్ ట్రాన్స్‌ఫార్మర్ టెర్మినల్స్ దగ్గర చూడాలి. ప్రైమరీ రెండు ముక్కలుగా ఉంటుంది: సమాంతరంగా కలిపితే 115, వరసగా కలిపితే 230. 48 నుంచి 62 హెర్ట్జ్ వరకు పనిచేసేలా తయారుచేశారు కాబట్టి మన 50 హెర్ట్జ్‌తో ఇబ్బంది లేదు. 115కు ఫ్యూజు 3 ఆంపియర్లు. 230కి మార్చాక సగం చేయండి.

లైన్ ఫిల్టర్ లోపలి కండెన్సర్లు లైను నుంచి చాసిస్‌కు కొంత కరెంటు వదులుతాయి. ఎర్త్ లేకుండా ప్లగ్ పెడితే చాసిస్ షాక్ కొడుతుంది. ఎర్త్ ఉంటే ఇంట్లో ఈఎల్‌సీబీ (ఎర్త్ లీకేజీ బ్రేకర్) పడిపోవచ్చు. ఆ బ్రేకర్‌ను తప్పించి కరెంటివ్వడం పరిష్కారం కాదు. మూడు పిన్నుల తీగ వేసి, చాసిస్‌ను గట్టిగా ఎర్త్ చేసి, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద నడపండి, లేదా ఫిల్టర్‌ను కొత్తదానితో మార్చండి.

వెనకనున్న ఓవెన్స్ స్విచ్ ఆఫ్‌లోనే ఉంచండి. క్రిస్టళ్ళను వేడిగా ఉంచే ఆ హీటర్లు ఇళ్ళల్లో అక్కర్లేదు, సెట్టును వేడెక్కించడం తప్ప లాభం లేదు.

ఎలక్ట్రీషియన్లు వాడే సిరీస్ బోర్డులో 200 వాట్ల బల్బు పెట్టి మొదలుపెట్టండి. ముందుగా రెక్టిఫైయర్ వాల్వులు రెండూ, అంటే 26జెడ్5డబ్ల్యూలు, తీసేసి స్విచ్ వేయండి. బల్బు మందంగా వెలిగి, మిగతా వాల్వుల హీటర్లు ఎర్రబడాలి. బల్బు నిండుగా వెలిగితే ఆపేసి షార్టు వెతకండి. ఐదు నిమిషాలు గడిచాక ఆపి, రెక్టిఫైయర్లు పెట్టి మళ్ళీ వేయండి. అంతా సవ్యంగా ఉంటే బల్బు తీసేసి నేరుగా కరెంటు ఇచ్చి వోల్టేజిని స్థిరంగా ఉంచే ఓఏ2 వాల్వు దగ్గర కొలవండి: 150 వోల్టులు స్థిరంగా నిలిస్తే పవర్ సప్లై దారిలో పడ్డట్టే. కొలిచేటప్పుడు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకోండి. ఇక్కడ 200 వోల్టులకు పైగా డీసీ ఉంటుంది, స్విచ్ తీశాక కూడా కాసేపు నిలుస్తుంది.

26జెడ్5డబ్ల్యూలు అరుదై ఖరీదయ్యాయి. వాటి బదులు 1ఎన్4007 డయోడ్లు, కాలుకు రెండేసి వరసగా, వేయవచ్చు. కానీ డయోడ్లలో వోల్టేజి పెద్దగా పడదు కాబట్టి హై వోల్టేజి పెరుగుతుంది. 220 ఓమ్‌లు, 25 వాట్ల వైరువౌండ్ రెసిస్టెన్స్ వరసలో పెట్టి, పాత వోల్టేజికి వచ్చిందో లేదో కొలిచి చూసి సర్దండి.

వెనక కనెక్షన్లు

టెర్మినల్ పట్టీల మీద 1-2, 3-4, 11-12, 14-15 మధ్య జంపర్ ముక్కలు ఉండాలి. 1-2 ఆర్ఎఫ్ గెయిన్‌ది (సిగ్నల్‌ను ఎంత పెంచాలో సర్దేది), 3-4 ఏజీసీది (ఆ గెయిన్‌ను దానంతటదే సర్దేది), 14-15 డయోడ్ లోడ్‌ది (డిటెక్టర్ నుంచి శబ్దం వచ్చే దారి). 14-15 ఊడితే సెట్టు మూగబోతుంది. దానికోసం వాల్వులన్నీ మార్చి చూసినవాళ్ళు ఉన్నారు, ముందు ఇక్కడ చూడండి.

స్పీకర్ 6, 7 టెర్మినళ్ళకు. ఇది 600 ఓమ్‌ల అవుట్‌పుట్, 8 ఓమ్ స్పీకర్ నేరుగా కడితే గొంతు పీలగా వస్తుంది. మైక్‌సెట్ షాపుల్లో దొరికే 100 వోల్ట్ లైన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడ చక్కగా సరిపోతుంది. 15 వాట్ల ట్యాప్ దగ్గర అది దాదాపు 670 ఓమ్‌లుగా కనిపిస్తుంది. అమెరికాలో 70 వోల్ట్ రకమైతే 8 వాట్ల ట్యాప్ వాడండి.

ఏరియల్‌కు రెండు సాకెట్లు. సి రకం సాకెట్ పొట్టి విప్ కోసం. మంచి ఏరియల్ అక్కడ పెట్టకండి. రెండు పిన్నుల బ్యాలెన్స్‌డ్ సాకెట్ 125 ఓమ్‌లకు చేసింది. కోయాక్స్ నడిమి తీగను ఒక పిన్నుకు, జాలీని రెండో పిన్నుతో పాటు చాసిస్‌కు కలిపితే హాయిగా పనిచేస్తుంది. ఇంటిమీద 20 మీటర్ల వైరు, కింద 9:1 ట్రాన్స్‌ఫార్మర్, పిడుగు నుంచి కాపాడే అరెస్టర్ ఉంటే చాలు. ఉరుములు మొదలైతే ఏరియల్ పీకేయండి.

వినడం

ఏజీసీలో పెట్టి, 8 కిలోహెర్ట్జ్ వెడల్పుతో మీడియం వేవ్ మొదట వినండి: హైదరాబాద్ 738, విజయవాడ 837 కిలోహెర్ట్జ్. డయల్‌లో మెగాసైకిల్ అంకెలు 00, కిలోసైకిల్ 738. యాంటెన్నా ట్రిమ్ నాబ్‌ను క్యారియర్ మీటర్ ఎక్కువ చూపేలా తిప్పండి. బ్యాండు మారినప్పుడల్లా ఇది మళ్ళీ సర్దాలి.

ఎస్ఎస్‌బీ (ఒకే సైడ్‌బ్యాండ్‌తో పంపే) మాటలు బొంగురుగా వస్తున్నాయని చాలామంది సెట్టును తప్పుపడతారు. డయోడ్ డిటెక్టర్‌కు బీఎఫ్‌ఓ బలం తక్కువ, సిగ్నల్ బలం ఎక్కువ అవడమే కారణం. ఎంజీసీకి (గెయిన్ చేత్తో సర్దే స్థానానికి) మార్చి, లోకల్ గెయిన్ పూర్తిగా పెంచి, ఆర్ఎఫ్ గెయిన్ తగ్గించి వినండి. వాల్యూమ్ అంతా ఆర్ఎఫ్ గెయిన్‌తోనే. వెడల్పు 4 లేదా 2. పరీక్షకు ముంబై విమాన వాతావరణ ప్రసారం బాగుంటుంది: 6676, 11387 కిలోహెర్ట్జ్, అప్పర్ సైడ్‌బ్యాండ్.

గేర్లు

యంత్రం సగానికి వద్దాం. మినరల్ టర్పెంటైన్‌లో ముంచిన కుంచెతో గేర్ల పళ్ళ మధ్య ఎండిన గ్రీజు కడగండి. కింద గుడ్డ పరవండి. ద్రవం కాయిళ్ళ మీద, స్విచ్ పలకల మీద పడకూడదు. దగ్గర నుంచి చూస్తే కొన్ని గేర్లు రెండు పలచటి చక్రాలుగా, మధ్యలో చిన్న స్ప్రింగులతో కనిపిస్తాయి. పళ్ళ మధ్య సందు లేకుండా ఉండడానికే ఆ ఏర్పాటు, వాటిని విడదీయకండి. ఆరాక ఒక్కో బేరింగుకు సూదిమొనతో ఒక్క చుక్క పలచటి సింథటిక్ ఆయిల్, కామ్‌ల అంచుకు, గేరు పళ్ళకు కొద్దిగా పలచటి గ్రీజు. కోర్లకు ఆయిల్ వద్దు. కాయిల్ గొట్టంలో దుమ్ముతో కలిసి అదే బంక అవుతుంది.

గేర్ల లెక్క సరిగా ఉందా లేదా చూడడానికి డయల్‌ను 7, +000 మీద పెట్టండి. అక్కడ కామ్‌ల మొనలు ముందు ప్లేటు మీద చెక్కిన గీతలకు ఎదురుగా రావాలి. ఏది తప్పితే దాని క్లాంపు మాత్రమే వదులు చేసి సర్దాలి. వీఎఫ్‌ఓ (కిలోసైకిల్ నాబ్‌తో తిరిగే ట్యూనింగ్ ఆసిలేటర్) విప్పినప్పుడు దాని షాఫ్టు దగ్గర ఓల్డ్‌హామ్ కప్లర్ మధ్య బిళ్ళ జారి కిందపడుతుంది, ఎటు తిరిగి ఉందో ముందే గుర్తు పెట్టుకోండి.

ఏది పోతే ఎక్కడ వెతకాలి

0 నుంచి 7 వరకు బ్యాండ్లన్నీ చచ్చి, 8 నుంచి పైన బతికి ఉంటే 17 మెగాహెర్ట్జ్ ఆసిలేటర్, మొదటి మిక్సర్ చూడండి. 8కి దిగువన మాత్రమే సెట్టు మూడుసార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తుంది. ఒక్క బ్యాండే పోతే క్రిస్టల్, లేదా స్విచ్ కాంటాక్టు.

అన్ని బ్యాండ్లూ ఒకేసారి పోయి, వీఎఫ్‌ఓ, బీఎఫ్‌ఓ వాల్వులు రెండూ చల్లగా ఉంటే, వాటి హీటర్ కరెంటును స్థిరంగా ఉంచే 3టీఎఫ్7 బల్లాస్ట్ కాలింది. ఆ రెండు 5749ల హీటర్లూ దాని గుండా వరసగా వెలుగుతాయి. కొత్త బల్లాస్ట్ కోసం డబ్బు పోయడం అనవసరం. రెండు 5749ల స్థానంలో 12బీఏ6లు పెట్టి, బల్లాస్ట్ సాకెట్లో 2, 7 పిన్నులు కలపండి. 12.6 రెండుసార్లు 25.2, లెక్క సరిపోతుంది. 5749లనే ఉంచాలంటే ఆ పిన్నుల మధ్య 42 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టెన్స్.

బ్యాండ్‌విడ్త్ 2, 4, 8, 16లో ఒక్క స్థానంలోనే శబ్దం పడిపోతే ఆ మెకానికల్ ఫిల్టర్ పోయినట్టు. నాలుగూ పోతే ముందు సి553ను గుర్తు చేసుకోండి.

సర్దుబాటు

గంటసేపు వేడెక్కాకే మొదలుపెట్టాలి. సిగ్నల్ జనరేటర్ నుంచి 455 కిలోహెర్ట్జ్, 150 మైక్రోవోల్టులు ఐఎఫ్ డెక్కు మీది జె513 సాకెట్‌కు ఇచ్చి, వెనక 14వ టెర్మినల్ దగ్గర డయోడ్ లోడ్ వోల్టేజి మైనస్ 7 వచ్చేలా ఐఎఫ్ గెయిన్ ఆర్519 తిప్పండి. ఎక్కువ పెంచితే సిగ్నల్ పెరగదు, హోరు పెరుగుతుంది. తర్వాత ఏరియల్ తీసేసి, ఏజీసీలో ఆర్523తో క్యారియర్ మీటర్‌ను సున్నాకు తేండి.

ఆర్ఎఫ్ కాయిళ్ళకు ఫ్రీక్వెన్సీ కింది చివర కోరు, పై చివర ట్రిమ్మర్ సర్దాలి. మెగాహెర్ట్జ్‌లలో జతలు ఇవి: 0.55, 0.95; 1.1, 1.9; 2.2, 3.8; 4.4, 7.6; 8.8, 15.2; 17.6, 30.4. ఒకదాన్ని సర్దితే రెండోది కదులుతుంది, కాబట్టి ప్రతి జతనూ మూడు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి చేయాలి.

చివరిది వీఎఫ్‌ఓ. పది చుట్లలో అది సరిగ్గా 1000 కిలోహెర్ట్జ్, 3.455 నుంచి 2.455 మెగాహెర్ట్జ్‌కు, జరగాలి. క్యాల్‌లో (లోపలి సిగ్నల్‌తో డయల్ సరిచూసే స్థానంలో) పెట్టి, 0.1 వెడల్పులో మీటర్ గరిష్ఠంగా ఉన్నచోట బీఎఫ్‌ఓను జీరో బీట్ చేయండి, అంటే ఈల స్వరం తగ్గి పూర్తిగా ఆగేలా తిప్పండి. ఇక పిచ్ నాబ్ ముట్టుకోకుండా 000 దగ్గర, +000 దగ్గర జీరో బీట్ ఎక్కడ వస్తుందో రాసుకోండి. తేడా ఒక కిలోహెర్ట్జ్ లోపుంటే వదిలేయండి. మించితే వీఎఫ్‌ఓ ముందువైపు మూత స్క్రూ తీసి, లోపలి ఎల్702 కోరును పావు చుట్టు తిప్పి మళ్ళీ రెండు చివర్లూ కొలవండి. కోరు చివరికి చేరినా తేడా పోకపోతే కాయిల్ నుంచి ఒక చుట్టు తీయాలి. అది వీఎఫ్‌ఓ డబ్బా తెరిచే పని, అలవాటు ఉన్నవాళ్ళ చేత చేయించండి.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళల్లో ఈ సెట్టును వారానికి ఒకసారైనా రెండు గంటలు నడపండి. ఆ వేడికే స్విచ్ పలకల్లో చెమ్మ ఆరుతుంది. నడిపిన ప్రతిసారీ కిలోసైకిల్ నాబ్ ఈ చివర నుంచి ఆ చివరకు, మెగాసైకిల్ నాబ్ 00 నుంచి 31 వరకు ఒకసారి తిప్పి ఆపండి.