అమ్మకాలు రెట్టింపు, ఖాతా ఖాళీ: ఎక్కడ వెతకాలి?

సమస్య: ఏడాదిలో అమ్మకాలు రెట్టింపయ్యాయి. అకౌంటెంటు లాభం చూపిస్తున్నాడు. ఒకటో తేదీన జీతాలకు మాత్రం ఖాతాలో డబ్బు ఉండదు.

ముందు చూడవలసింది: ఈ స్థితిలో చాలామంది మొదట క్యాషియరును అనుమానిస్తారు, తర్వాత చిట్టీ పాడతారు. సరుకుకు మీరు డబ్బు కట్టిన రోజు నుంచి, అది అమ్మిన డబ్బు మీకు చేరే రోజు దాకా ఎన్ని రోజులో మాత్రం లెక్కపెట్టరు. హనుమకొండలో అడిగినా, కరీంనగర్‌లో అడిగినా "ఓ నెల ఉంటుందేమో" అంటారు. బిల్లులు తీస్తే మూడు నెలలు తేలుతుంది.

కారణం: డబ్బును తింటున్నది ఆ పెరుగుదలే. ఎవరూ తప్పు చేయలేదు కనుక ఇది నమ్మించడం కష్టం. కారం పొడి యూనిట్‌నే తీసుకోండి. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చికి రొక్కం కట్టారు. ఆడించి, ప్యాక్ చేసి పంపేసరికి నెల. హైదరాబాద్ దుకాణాలకు 60 రోజుల అరువు. మొత్తం 90 రోజులు. నెలకు 10 లక్షల అమ్మకంలో ఖర్చు 9 లక్షలు, అదంతా ముందే పెట్టారనుకుందాం. అంటే ఎప్పుడూ 27 లక్షలు బయటే ఉంటాయి. అమ్మకం 20 లక్షలైతే 54 లక్షలు కావాలి. అదనంగా వచ్చే లాభం నెలకు లక్ష, అదనంగా పెట్టవలసింది 27 లక్షలు! దుకాణాలన్నీ గడువుకే కట్టినా ఈ లోటు తప్పదు. పైగా నెలనెలా రిటర్ను వేసేవారు మార్చి బిల్లుల జీఎస్టీని ఏప్రిల్ 20కల్లా కట్టాలి, కొన్నవాడు మే నెలలో ఇచ్చినా సరే.

ఇంకో చిక్కు. మీకు రావలసిన మొత్తం బాకీని ఈ నెల అమ్మకంతో పోల్చి ఊరట పడకండి. అమ్మకం పెరిగేకొద్దీ పాత బాకీలు కొత్త బిల్లుల చాటున దాక్కుంటాయి. బిల్లు తేదీని బట్టి 30, 60, 90 రోజులవి విడివిడిగా రాయండి.

పరిష్కారం: ముందు రోజులు తగ్గించండి, అప్పు సంగతి తర్వాత. కొత్త దుకాణాలకు మొదట్లో రొక్కానికే ఇవ్వండి. పాతవారు 30 రోజుల్లో కడితే రేటు కొంచెం తగ్గించండి. 90 రోజులు 60 అయితే అదే 20 లక్షల అమ్మకానికి 36 లక్షలు చాలు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు (చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదైన నంబరు) వేయండి. సూక్ష్మ, చిన్న సంస్థల బిల్లును 45 రోజులు దాటి ఆపితే వడ్డీ కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. దావా వేయమని కాదు, గడువు మాట్లాడేటప్పుడు పనికొస్తుంది. బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్, అంటే అవసరమైనప్పుడు వాడుకునే అప్పు పరిమితిని, పెద్ద ఆర్డరు ఒప్పుకోక ముందే పెంచుకోండి. ఇవేవీ కుదరకపోతే ఆ ఆర్డరు వద్దనండి.

దొంగతనం, దొంగ బిల్లుల సంగతి చివరికి. పై లెక్క వేశాక కూడా తేడా మిగిలితే అప్పుడు చూడండి. సీజన్‌లో కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చికి మాత్రం, అది అక్కడున్న నెలలన్నీ ఈ 90కి కలపాలి.