తుక్కు సామానుతో కొండదారుల జీపు: కాగితాల నుంచి కమాన్ల దాకా

బెంగళూరు శివాజీనగర్ గుజరీ (తుక్కు సామాను బజారు) సందుల్లో ఒక పూట తిరిగితే, పాత జీపుకు కావలసిన భాగాలన్నీ ఏదో ఒక కొట్టు ముందు నూనె మరకలతో పడి కనిపిస్తాయి. ఆ భాగాలన్నీ తక్కువ ధరకు ఏరి తెచ్చి ఒకచోట బిగిస్తే బండి అవుతుందన్న ఆశతో మొదలుపెట్టినవారిలో చాలామంది సగంలోనే ఆగిపోవడం నేను చూశాను. నేను చెప్పే పద్ధతి వేరు. సరైన కాగితాలు ఉన్న ఒక్క బండిని ముందు కొనుక్కుని, అదే రకం బండ్ల తుక్కు భాగాలతో దానిని మళ్ళీ నిలబెట్టాలి. డబ్బు మిగిలేది ఈ దారిలోనే. తయారైన బండి రోడ్డెక్కేదీ ఈ దారిలోనే.

కాగితాల మాట ముందుగా ఎత్తడానికి కారణం ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించి రిజిస్ట్రేషను పత్రంలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి యజమానికి వీలులేదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాటను ఖరారు చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పడే అవకాశం ఏర్పడింది. కాబట్టి ఒక కంపెనీ చాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం), ఇంకో కంపెనీ ఇంజను, మూడోదాని బాడీ కలిపి కట్టిన బండిని ప్రైవేటు స్థలంలో నడుపుకోవలసిందే తప్ప రోడ్డు మీదికి తేకూడదు, అక్కడికి కూడా ట్రైలరు మీదే తీసుకువెళ్ళాలి. బండి ముందు బుల్‌బార్ (అడ్డంగా పెట్టే ఇనుప కడ్డీల రక్షణ) బిగించడం కూడా 52వ సెక్షనుకు విరుద్ధమేనని కేంద్ర రవాణా శాఖ 2017 చివరలో స్పష్టం చేసింది.

మన తెలుగువారికి ఇంకొక చిక్కు ఉంది. అనంతపురంలోనో, మదనపల్లెలోనో బంధువుల కళ్ళంలో నిలిచిపోయిన జీపును తెచ్చుకుని బెంగళూరులో బాగుచేసుకోవాలని చాలామందికి ఉంటుంది. ఇంకో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి అక్కడ కొత్త రిజిస్ట్రేషను చేయించాలి. అందుకు పాత ఆర్టీవో కార్యాలయం నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం, యాజమాన్యం మారుతున్నట్లయితే ఫారం 29, ఫారం 30 కావాలి. జీవితకాల పన్ను మళ్ళీ కట్టవలసి వస్తుంది కాబట్టి, జీపు ధరకు ఆ మొత్తాన్ని కూడా కలిపి చూసుకున్న తరువాతే బేరం ఆడాలి. రిజిస్ట్రేషను రద్దయిన బండి ఎంత చవకగా వచ్చినా, దానిని భాగాల కోసమే కొనాలి.

బయానా ఇచ్చే ముందు చాసిస్ నంబరును మీ చేతులతో మీరే చూసుకోండి. వైరు బ్రష్‌తో తుప్పు తుడిచి, కిరసనాయిలు గుడ్డతో తడిపి ఆరనిచ్చి, పలుచని కాగితం అంటించి పెన్సిలుతో అడ్డంగా రుద్దితే అంకెలు తెల్లగా లేచి వస్తాయి. ఆర్టీవో కార్యాలయంలో అడిగేదీ ఈ పెన్సిలు ముద్రనే. అంకెల ఎత్తు ఒకటిగా లేకపోయినా, వాటి చుట్టూ ఇనుము గ్రైండరుతో అరగదీసినట్లు నునుపుగా ఉన్నా, ఆ బండిని అక్కడే వదిలి వచ్చేయండి.

ఏ బండి కొనాలన్నది జేబును బట్టి ఉంటుంది. మారుతీ జిప్సీ తేలికైన పెట్రోలు బండి, కొండ ఎక్కడంలో దానికి సాటి తక్కువ, కానీ మోజు ఎక్కువ కాబట్టి దాని తుక్కు కూడా ప్రియమే. మహీంద్రా పాత డీజిల్ జీపులు బరువు, మోటు, అయినా వాటి సామాను ఊరూరా దొరుకుతుంది. వాటిలోని 2523 సీసీ డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజను బొలెరోలోనూ నడిచింది కాబట్టి దానికి విడిభాగాల కొరత ఉండదు. మొదటిసారి కట్టేవారికి నేను ఎప్పుడూ మహీంద్రానే చెబుతాను.

చాసిస్ పరీక్ష

బాడీకి పట్టిన తుప్పు చూసి భయపడనవసరం లేదు, దానిని టింకరింగ్ మేస్త్రీ సరిచేస్తాడు. చాసిస్ తుప్పు పట్టిందంటే మాత్రం జాగ్రత్తపడాలి. చిన్న సుత్తితో రెండు సైడ్ మెంబర్లనూ (చాసిస్‌కు ఇరువైపులా ఉండే పొడవైన దూలాలు) జానెడు జానెడు దూరంలో కొడుతూ పోవాలి. గట్టి ఇనుము కంచు మోగినట్లు మోగుతుంది, లోపల పొరలు పొరలుగా తుప్పు ఊడిన చోట దబ్బుమని మొద్దు శబ్దం వస్తుంది. వెనక కమాను (బండి బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు) వేలాడే బ్రాకెట్ల చుట్టూ, బురద నిలిచే మూలల్లో మరింత ఓపికగా కొట్టి చూడాలి. తరువాత ముందు ఎడమ నుంచి వెనక కుడికి, ముందు కుడి నుంచి వెనక ఎడమకు, ఒకే రకం రంధ్రాల మధ్య టేపుతో ఐమూల కొలతలు తీయాలి. నేను ఐదు మిల్లీమీటర్ల తేడా వరకు ఒప్పుకుంటాను. అంతకు మించితే ఆ చాసిస్ ఒకసారి దెబ్బతిని ఒరిగిందని అర్థం చేసుకుంటాను.

పగులు కనిపిస్తే దాని చివర చిన్న రంధ్రం వేసి, పగులు మరి సాగకుండా ఆపి, వెల్డింగు చేసి, పైన సాగిన వజ్రం ఆకారపు అతుకు పలక వేయించాలి. పలక అంచును చాసిస్‌కు నిలువుగా, ఒకే గీతలో వెల్డింగు చేయిస్తే ఆ గీత పక్కనే కొత్త పగులు వస్తుంది, అందుకే ఆ వజ్రం ఆకారం. సైడ్ మెంబరు పై అంచుకు, కింది అంచుకు వెల్డింగు తగలనివ్వకూడదు. మొదలుపెట్టే ముందు బ్యాటరీ తీగలు రెండూ, ఆల్టర్నేటరు తీగలూ విప్పించాలి. జింకు పూత ఉన్న నీళ్ళ గొట్టాలతో బ్రాకెట్లు చేయించవద్దు. ఆ పూత కాలినప్పుడు వచ్చే తెల్లటి పొగ పీల్చిన వెల్డరుకు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది.

యాక్సిల్ కొనేటప్పుడు పళ్ళ లెక్క

తుక్కులో కొనదగిన వస్తువుల్లో అన్నిటికంటే లాభమైనది యాక్సిల్, అంటే రెండు చక్రాలను కలిపే ఇరుసు. హౌసింగ్ (పై ఇనుప తొడుగు) వంగకపోతే దానికి ఆయుష్షు ఎక్కువ, లోపలి బేరింగులు, సీళ్ళు జేసీ రోడ్డులో కొత్తవి దొరుకుతాయి. కానీ లోపల పినియన్ అనే చిన్న గేరు క్రౌన్ అనే పెద్ద గేరును తిప్పుతుంది, ఆ రెండింటి పళ్ళకు జీపు యాక్సిళ్ళలో రెండు నిష్పత్తులు ఎక్కువగా కనిపిస్తాయి. క్రౌన్‌కు 43 పళ్ళు, పినియన్‌కు 8 పళ్ళు ఉంటే 5.38, క్రౌన్‌కు 39 పళ్ళు, పినియన్‌కు 8 ఉంటే 4.88. పైకి చూస్తే రెండు హౌసింగులూ ఒక్కలాగే ఉంటాయి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ ఒకే నిష్పత్తిలో ఉండి తీరాలి, ఎందుకంటే ఈ జీపుల్లో ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు షాఫ్టునూ వెనక షాఫ్టునూ ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే గేర్ల పెట్టె) బిగించి ఒకటిగా తిప్పుతుంది, మధ్యలో తేడా సర్దే డిఫరెన్షియల్ ఉండదు.

నా మొదటి జీపుకు ముందు యాక్సిల్‌ను గుజరీలో పళ్ళు లెక్కపెట్టకుండానే కొన్నాను. వెనక ఉన్నది 5.38, తెచ్చినది 4.88 అని తరువాత తెలిసింది. కోలారు వైపు ఒక చెరువుగట్టు మీద తడిసిన ఎర్రమట్టిలో ఫోర్ వీల్ వేసి నడిపినప్పుడు చక్రాలు జారుతూ ఆ తేడాను కప్పేశాయి. తారు రోడ్డెక్కి, లివరు తీయకముందే మలుపు తిప్పేసరికి స్టీరింగు రాయిలా బిగుసుకుంది, కాళ్ళ కింద ట్రాన్స్‌ఫర్ కేసులో టక్కుమని పెద్ద చప్పుడు వచ్చింది. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య నూరు అడుగులకు పది అడుగుల తేడా పడుతుంటే, ఆ బరువంతా మధ్యలో ఉన్న గేర్ల మీదే పడింది. కామాక్షిపాళ్యలో దానిని విప్పిన మేస్త్రీ హిందూపురం మనిషి, పెద్దాయన. విరిగిన పన్ను నా అరచేతిలో పెట్టి, "తిప్పి చూడకుండానే డబ్బులిచ్చేస్తివా నాయనా?" అన్నాడు.

ఆయన నేర్పిన పద్ధతి ఇది. యాక్సిల్‌ను నేల మీద పెట్టి, ఒక వైపు హబ్‌ను (చక్రం బిగించే చివర) తోడు వచ్చినవారు కదలకుండా పట్టుకోవాలి. పినియన్ ఫ్లాంజి మీద, రెండో హబ్ మీద సుద్దముక్కతో గీతలు పెట్టాలి. ఆ రెండో హబ్‌ను సరిగ్గా రెండు చుట్లు తిప్పితే, పినియన్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. ఐదు దాటి మూడో వంతుకు పైగా పోతే 5.38, ఐదుకు కొంచెం ముందే ఆగితే 4.88. ఒక వైపు పట్టుకోకుండా తిప్పితే లెక్క తప్పుతుంది. తిప్పుతున్నప్పుడే గరగరలు వినాలి, పినియన్‌ను చేత్తో ముందుకు వెనక్కి ఊపి అది ఎంత వదులుగా ఉందో చూడాలి. నూనె మూత విప్పి వేలు పెట్టినప్పుడు నూనెలో వెండి రజనులాంటి మెరుపు ఉంటే బేరింగులు అరిగినట్లు, పొలుసుల్లాంటి ముక్కలు ఉంటే పళ్ళు విరిగినట్లు.

నిష్పత్తి ఎక్కువగా ఉంటే మేలు ఎంతో ఒక లెక్కలో చెబుతాను. పాత మహీంద్రా జీపు సీజే3బీలో మొదటి గేరు 2.80, ట్రాన్స్‌ఫర్ కేసు లో గేరు 2.46, యాక్సిల్ 5.38. మూడింటినీ హెచ్చవేస్తే సుమారు 37. ఇంజను 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది, బండరాళ్ళ మీద క్లచ్ కాల్చకుండా నడక వేగంతో పోగలుగుతుంది. పెద్ద టైర్లు వేస్తే ఈ లాభమే తరుగుతుంది. ఇరవై ఎనిమిదిన్నర అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేస్తే 5.38 యాక్సిల్ 4.95 లాగా పనిచేస్తుంది. అందుకే కంపెనీ కొలతకు దగ్గరగా, మంచి పట్టున్న టైర్లే వేయండి, చట్టంతోనూ చిక్కు ఉండదు. జీపుకు, జిప్సీకి కూడా చక్రానికి ఐదు బోల్టులు, అవి కూర్చునే వలయం 139.7 మిల్లీమీటర్లే కాబట్టి రిమ్ములు మారతాయి, కానీ మధ్య రంధ్రం కూర్చుంటుందా, స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు కమానుకు రాసుకుంటుందా అన్నది చూసే కొనాలి.

కమాన్లు, ఇంజను, తక్కిన పనులు

కమానులను యాక్సిల్ కింది నుంచి పైకి మార్చి బండిని ఎత్తు చేయడం చూడటానికి బాగుంటుంది. కానీ స్టీరింగు లింకు కోణం చెడి, గుంటలో పడినప్పుడల్లా బండి తనంతట తాను పక్కకు లాగుతుంది. దానికి బదులు వంగిపోయిన పట్టీలను విప్పి, కమాన్లు కొట్టే కమ్మరి దగ్గర కొత్తగా వంపు కొట్టించండి. విరిగిన పట్టీ స్థానంలో అదే మందం, అదే వెడల్పు ఉన్న గుజరీ పట్టీ వేయించవచ్చు. రెండు వైపుల కట్టలనూ నేల మీద పక్కపక్కన నిలిపి ఎత్తు సరిపోల్చాలి. బుష్‌లు, యూ బోల్టులు కొత్తవే వాడాలి, ఎందుకంటే ఒకసారి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది.

ఇంజనును మార్చకండి, దాని నంబరు రిజిస్ట్రేషను పత్రంలో ఉంటుంది. పూర్తిగా చల్లబడిన ఇంజనును స్టార్టు చేసి, నూనె పోసే మూత తీసి చూడండి. గుప్పుగుప్పున పొగ కొడితే రింగులు అరిగాయి. డిప్‌స్టిక్ మీద నూనె పాలటీ రంగులో ఉంటే నీరు కలిసింది. కంప్రెషను కొలిపించినప్పుడు సిలిండర్ల మధ్య పది శాతానికి మించి తేడా ఉంటే బోరు పనికి (అరిగిన సిలిండర్ల లోపలి గోడలను సరిచేయించడం) సిద్ధం కావాలి. గుజరీ ఇంజనును హెడ్డు, పంపు, స్టార్టరు కోసం కొనవచ్చు.

బ్రేకులు, స్టీరింగు విషయంలో నేను పైసా కూడా తగ్గించను. వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఇనుప గొట్టాలు, టై రాడ్ చివరలు, కింగ్‌పిన్ బేరింగులు అన్నీ కొత్తవే కొనాలి. ఒకే గది మాస్టరు సిలిండరు ఉన్న పాత జీపులో ఒక్క గొట్టం పగిలినా నాలుగు చక్రాల బ్రేకూ ఒకేసారి పోతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ పట్టిన నూనె ఘాట్ దిగేటప్పుడు మరిగి పెడలు నేలకు అంటుకుంటుంది, కాబట్టి మూత తెరిచిన పాత డబ్బాలోది పోయవద్దు.

వైరింగ్ కొత్తగా వేయించి ప్రతి తీగకూ ఫ్యూజు పెట్టించండి. పెయింటు చివరికి ఉంచుకోండి, డబ్బు అయిపోతే ప్రైమరుతోనైనా బండి నడుస్తుంది.

బండి సిద్ధమైన మొదటి ఆదివారమే కొండకు బయలుదేరవద్దు. ఖాళీ రోడ్డు మీద మెల్లగా ఒక వంద కిలోమీటర్లు నడిపి, ఇంటికి వచ్చాక యూ బోల్టులు, స్టీరింగు బాక్సు బోల్టులు, చక్రాల నట్లు మళ్ళీ బిగించాలి. హబ్‌లను చేత్తో తాకి చూడండి, ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే ఆ బేరింగు బిగువు ఎక్కువైంది, లేదా బ్రేకు పట్టేస్తున్నది. రెండు యాక్సిళ్ళ నూనెనూ తెల్లటి పళ్ళెంలో దింపి వెలుతురులో చూసి, మెరుపు లేదని తేలాక కొత్త నూనె పోసి బయలుదేరండి.