పిల్లల ఫోన్లో పేరెంటల్ కంట్రోల్ తీయాలంటే ముందు పెద్దవాళ్ల అకౌంట్ చేతికి రావాలి

కరోనా రోజుల్లో ఆన్‌లైన్ క్లాసుల కోసం పిల్లలకు ఫోన్లు కొని, భయంకొద్దీ వాటికి కంట్రోల్ పెట్టిన ఇళ్లు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో చాలానే ఉన్నాయి. ఆ పిల్లలు ఇప్పుడు ఇంటర్‌కి, డిగ్రీకి వచ్చేశారు. కాలేజీ గ్రూపులో వచ్చిన లింకు తెరుచుకోదు, కొత్త యాప్ దిగదు, రాత్రి తొమ్మిదయ్యేసరికి ఫోను దానంతటదే మూసుకుపోతుంది. కంట్రోల్ పెట్టిన నాన్నేమో చెన్నైలోనో వేరావల్లోనో పనిలో ఉంటాడు. ‘గుంటడి ఫోను లాకైపోయింది, ఏటి సెయ్యాల’ అంటూ ఇంట్లోవాళ్లు దగ్గర్లోని సెల్ పాయింటుకి పట్టుకెళ్తారు. అక్కడ ఎక్కువసార్లు జరిగేది ఒకటే, రీసెట్. అసలు చిక్కు అక్కణ్ణుంచే మొదలవుతుంది.

తాళం ఫోన్లో ఉంటే రీసెట్‌తో పోయేదే. గూగుల్ వాళ్ల పేరెంటల్ కంట్రోల్ యాప్ ఫ్యామిలీ లింక్ లాంటివి పిల్లాడి గూగుల్ అకౌంట్‌ని పట్టుకుని ఉంటాయి, ఆ అకౌంట్ పగ్గం పెద్దవాళ్ల అకౌంట్ చేతిలో ఉంటుంది. ఫోనంతా తుడిచేసి మళ్లీ అదే అకౌంట్‌తో లాగిన్ అయితే కంట్రోల్ కూడా వెంటే వచ్చేస్తుంది. పైగా పవర్, వాల్యూమ్ బటన్లు కలిపి నొక్కి రికవరీలోంచి రీసెట్ చేస్తే, ఆన్ అయ్యాక పాత గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ అడిగి అక్కడే నిలబడిపోతుంది. కొట్టేసిన ఫోను ఎవరూ వాడుకోకుండా ఆండ్రాయిడ్ 5.1 నుంచి పెట్టిన కాపలా అది. దానికి దొంగెవరో, పదో తరగతి పిల్లాడెవరో తెలీదు. ఫొటోలు పోయాయి, తాళం మాత్రం అలాగే ఉంది: రీసెట్‌తో మిగిలేది ఇంతే.

ఏ తాళమో ముందు తేల్చుకోండి

మొదటి పరీక్ష చాలా తేలిక. ఇంటి వైఫై ఆపి, మొబైల్ డేటా మీద అదే సైటు తెరవండి. తెరుచుకుంటే ఫోన్‌ని వదిలేయండి, అడ్డు రౌటర్లో ఉంది. రౌటర్ పేజీ చాలా కంపెనీలకి 192.168.1.1, జియో పెట్టెకైతే 192.168.29.1. అందులో పేరెంటల్ కంట్రోల్, యూఆర్ఎల్ ఫిల్టర్, మ్యాక్ ఫిల్టర్ అన్న పేర్లతో ఉన్నవి వెతికి, పిల్లల ఫోను పేరు ఉంటే తీసేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ సాధారణంగా పెట్టె అడుగున స్టిక్కరు మీద ఉంటుంది. ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షనైతే మీ కేబుల్ ఆపరేటర్‌నే అడగడం మేలు.

మొబైల్ డేటా మీద కూడా ఆగిపోతే సెట్టింగ్స్‌లో ‘డిజిటల్ వెల్‌బీయింగ్ అండ్ పేరెంటల్ కంట్రోల్స్’ తెరవండి. అకౌంట్ పెద్దవాళ్ల పర్యవేక్షణలో ఉన్నట్టు చూపిస్తే అది ఫ్యామిలీ లింక్. అక్కడేమీ లేకుండా, పైన నోటిఫికేషన్ల వరుసలో తాళంచెవి బొమ్మ ఎప్పుడూ కనిపిస్తుంటే బయటి కంపెనీ యాప్ ఏదో వీపీఎన్ పెట్టి, అంటే ఫోన్లోని నెట్ అంతా తన గుండా పోయేలా చేసి, నడుస్తోందని అర్థం. ప్లే స్టోర్లో కొన్ని యాప్‌లు మాత్రమే కనిపించక, మిగతా ఫోనంతా మామూలుగా ఉంటే అది ప్లే స్టోర్ పిన్.

ఫోను భాష తెలుగులో పెట్టి ఉంటే కాసేపు ఇంగ్లిష్‌కి మార్చుకోండి. ఈ సెట్టింగుల తెలుగు పేర్లు ఒక్కో కంపెనీ ఫోన్లో ఒక్కోలా ఉంటాయి, చెప్పేవాళ్లకీ చేసేవాళ్లకీ కుదరదు. పేరు దొరక్కపోతే సెట్టింగ్స్ పైనున్న వెతుకు గడిలో టైప్ చేయడం అన్ని ఫోన్లలోనూ పనిచేస్తుంది.

ఫ్యామిలీ లింక్ తీయడం

ఇది పెద్దవాళ్ల ఫోన్లో చేసే పని. ఫ్యామిలీ లింక్ యాప్ తెరిచి పిల్లాడి పేరు నొక్కండి. కంట్రోల్స్, అందులో అకౌంట్ సెట్టింగ్స్, అందులో అకౌంట్ సూపర్‌విజన్, చివర స్టాప్ సూపర్‌విజన్. తర్వాత వచ్చే పేజీలు చదివి ఒప్పుకుంటూ వెళ్లాలి, మధ్యలో పాస్‌వర్డ్ అడగొచ్చు. యాప్ కొత్త వెర్షన్లలో పేర్లు అటూ ఇటూ మారుతుంటాయి గాని వరుస దాదాపు ఇదే.

ఆ సమయానికి పిల్లాడి ఫోన్లో నెట్ ఉండాలి. ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. నాన్న అక్కడ ఆపేశాడు, ఇక్కడ ఫోను మాత్రం ఇంకా లాక్‌లోనే ఉంది, ఎందుకంటే రీఛార్జి అయిపోయి కబురు చేరలేదు. మందస, మెళియాపుట్టి కొండ పల్లెల్లో సిగ్నల్ అందని చోటా ఇదే జరుగుతుంది. నెట్ తగిలాక కొన్ని నిమిషాలు ఆగి, ఫోను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

లాక్ స్క్రీన్ దాటి లోపలికి వెళ్లడానికే వీల్లేకపోతే పేరెంట్ యాక్సెస్ కోడ్ ఉంది. నాన్న ఫోన్లోని ఫ్యామిలీ లింక్ యాప్‌లో ఆ కోడ్ వస్తుంది. ఫోన్లో అంకెలు చెబితే ఇక్కడ లాక్ స్క్రీన్ మీద కొట్టొచ్చు. పిల్లాడి ఫోన్లో నెట్ లేకపోయినా ఇది పనిచేస్తుంది. కోడ్ కొద్దిసేపే చెల్లుతుంది కాబట్టి వాట్సాప్‌లో పెట్టి సాయంత్రం చూసుకుందాం అంటే కుదరదు, లైన్లో ఉండగానే కొట్టాలి. తప్పంటే రెండు ఫోన్లలోనూ టైము సరిగ్గా ఉందో లేదో చూడండి. బ్యాటరీ పూర్తిగా దిగి చాలా రోజులు పక్కన పడేసిన ఫోన్లలో తేదీ వెనక్కి పోయి ఉంటుంది. తేదీ, టైము ‘ఆటోమేటిక్’లో పెడితే సర్దుకుంటుంది.

కంట్రోల్ పెట్టిన ఫోను పోయిందా? యాప్ లేకపోయినా ఏ ఫోన్లోనైనా క్రోమ్ తెరిచి ఫ్యామిలీలింక్ డాట్ గూగుల్ డాట్ కామ్‌లో నాన్న అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు. పాస్‌వర్డ్ కూడా మర్చిపోతే అకౌంట్ రికవరీ తప్పదు. ఆ పని నాన్న రోజూ వాడే ఫోన్లోంచి, రోజూ ఉండే చోటి నుంచి చేస్తే గూగుల్ త్వరగా నమ్ముతుంది. ఇంటి దగ్గర కొత్త ఫోన్లో ఇరవైసార్లు ప్రయత్నిస్తే అనుమానం పెరిగి ఇంకా ఆలస్యమవుతుంది. ఓటీపీ పాత నంబరుకి వెళ్తుంటే ఆ సిమ్ ఇంకా బతికే ఉందో చూసుకోండి. ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేసి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. వలస వెళ్లినవాళ్లు ఊరి సిమ్ పెట్టెలో పడేసి అక్కడి సిమ్ వాడటం మామూలే, అకౌంట్లో నంబరు మార్చుకోవడం మాత్రం గుర్తుండదు.

ఇంట్లో ఉన్న అమ్మ ఈ పనంతా చేయగలదు, కాకపోతే ఆమెను ముందే ఫ్యామిలీ గ్రూపులో పేరెంట్‌గా చేర్చి ఉండాలి. గ్రూపు తెరిచిన మేనేజరే ఆ హోదా ఇవ్వగలరు. గ్రూపులో మొత్తం ఆరుగురి వరకు ఉండొచ్చు. నాన్న ఈసారి ఊరొచ్చినప్పుడు ఇదొక్కటీ చేయించుకుంటే తర్వాత ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

పదమూడు నిండకపోతే

13 ఏళ్లలోపు పిల్లల అకౌంట్‌కి పర్యవేక్షణ పూర్తిగా తీసే దారి గూగుల్ ఇవ్వలేదు. తీయాలంటే అకౌంటే డిలీట్ చేయాలి, దాంతో మెయిళ్లూ, ఫొటోలూ, డ్రైవ్‌లో ఉన్న వాట్సాప్ బ్యాకప్పూ పోతాయి. స్కూలు రికార్డుల్లో పుట్టినతేదీ ఏదున్నా, గూగుల్ చూసేది అకౌంట్ తెరిచినప్పుడు ఇచ్చిన తేదీనే.

డిలీట్ వరకూ వెళ్లనక్కర్లేదు, లోపలి బిగింపులు వదులు చేస్తే చాలు. రోజువారీ సమయ పరిమితినీ, రాత్రి ఫోను మూసేసే డౌన్‌టైమ్‌నీ ఆఫ్ చేయండి. ప్లే స్టోర్ అనుమతుల్లో ‘అన్నిటికీ’ అని ఉన్నదాన్ని ‘డబ్బు కట్టే వాటికి మాత్రమే’ అని మార్చండి. క్రోమ్‌లో ‘అనుమతించిన సైట్లు మాత్రమే’ అని పెట్టి ఉంటే అశ్లీల సైట్లను ఆపే మధ్య ఎంపికకి తేండి. ‘ఏ సైటూ తెరుచుకోవట్లేదు’ అనే గోలకి చాలాసార్లు కారణం ఆ ఒక్క ఎంపికే. ఈ మూడూ మారిస్తే చదువుకి అడ్డు తగిలేదేమీ మిగలదు. డబ్బు ఖర్చుకి అనుమతి మాత్రం ఉంచడమే మంచిది, ఆటల్లో వజ్రాలు కొనేది ఆ దారినే.

బయటి కంపెనీల యాప్‌లు

కుస్టోడియో, నార్టన్ ఫ్యామిలీ, క్యాస్పర్‌స్కీ సేఫ్ కిడ్స్ లాంటివి ఫోన్లో ఊరికే కూర్చోవు. పిల్లలు తీసేయకుండా డివైస్ అడ్మిన్ హక్కు, యాక్సెసిబిలిటీ అనుమతి తీసుకుంటాయి. అందుకే అన్‌ఇన్‌స్టాల్ బటన్ నొక్కుడుపడదు. వరుస తప్పకూడదు. ముందు పెద్దవాళ్ల డ్యాష్‌బోర్డులో లాగిన్ అయి అక్కడి జాబితాలోంచి ఆ ఫోన్‌ని తీసేయండి. తర్వాత పిల్లాడి ఫోన్లో సెట్టింగ్స్ వెతుకు గడిలో ‘అడ్మిన్’ అని కొట్టి, డివైస్ అడ్మిన్ యాప్స్‌లో దాని టిక్ తీయండి. యాప్ పెద్దవాళ్ల పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వండి. యాక్సెసిబిలిటీలో ఆఫ్ చేయండి. అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి.

యాప్ పోయాక నెట్ కూడా పోతే కంగారుపడొద్దు. రెండు చోట్ల దాని మిగులు ఉండిపోతుంది. వీపీఎన్ సెట్టింగ్స్‌లో ‘ఆల్వేస్ ఆన్’, దాని కింద ‘వీపీఎన్ లేకుండా కనెక్షన్ ఆపు’ అన్నవి ఆన్‌లో ఉంటే, వీపీఎన్ లేని ఫోను ఏదీ తెరవదు. రెండూ ఆఫ్ చేయండి. రెండోది ప్రైవేట్ డీఎన్ఎస్, అంటే సైటు పేరు కొడితే దాని చిరునామా వెతికిచ్చే సర్వర్ ఏదో చెప్పే సెట్టింగు. ఆండ్రాయిడ్ 9 నుంచి ప్రతి ఫోన్లో ఉంది. ఆడ్‌గార్డ్, క్లౌడ్‌ఫ్లేర్, క్లీన్‌బ్రౌజింగ్ లాంటి వాటి ఫ్యామిలీ చిరునామా ఎవరో ఎప్పుడో అందులో టైప్ చేసి ఉంటారు. దాన్ని ‘ఆటోమేటిక్’కి మార్చండి. యూట్యూబ్‌లో రిస్ట్రిక్టెడ్ మోడ్ ఆఫ్ చేయబోతే బటన్ బూడిదరంగులో ఉండి కదలకపోయినా, గూగుల్ సేఫ్‌సెర్చ్ పక్కన తాళం బొమ్మ కనిపించినా, చాలాసార్లు ఇదే కారణం.

ఈ యాప్‌లు చాలావరకు ఏడాది చందావి. ఫోన్లోంచి తీసేసినంత మాత్రాన చందా ఆగదు. ఎవరి అకౌంట్‌తో కట్టారో ఆ ఫోన్లో ప్లే స్టోర్, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. యూపీఐ ఆటోపే పెట్టి ఉంటే ఆ యాప్‌లో కూడా మాండేట్ ఆపండి.

ప్లే స్టోర్ పిన్ సంగతి చిన్నది. ప్లే స్టోర్ సెట్టింగ్స్, ఫ్యామిలీ, పేరెంటల్ కంట్రోల్స్‌లో నాలుగంకెల పిన్ కొట్టి ఆఫ్ చేయడమే. పెట్టిన మీరే పిన్ మర్చిపోతే సెట్టింగ్స్, యాప్స్, గూగుల్ ప్లే స్టోర్, స్టోరేజ్‌లో డేటా క్లియర్ చేయండి. దిగిన యాప్‌లు పోవు.

ఐఫోన్ అయితే ఫ్యామిలీ షేరింగ్ తెరిచిన పెద్దవాళ్ల ఫోన్లో సెట్టింగ్స్, స్క్రీన్ టైమ్, పిల్లాడి పేరు నొక్కి అడుగున ఆఫ్ చేయాలి. పిల్లాడి ఫోన్లో విడిగా పెట్టిన పాస్‌కోడ్ మర్చిపోతే ‘ఫర్గాట్ పాస్‌కోడ్’ నొక్కి, పెట్టినప్పుడు ఇచ్చిన ఆపిల్ అకౌంట్ వివరాలు ఇవ్వాలి. 13 లోపు పిల్లల్ని ఆపిల్ కూడా గ్రూపులోంచి తీయనివ్వదు, వేరే ఫ్యామిలీ గ్రూపుకి మార్చొచ్చు.

పేరెంటల్ కంట్రోల్ కానివి

వాయిదాల్లో కొన్న ఫోను కిస్తీ ఆగి లాకైతే అది ఫైనాన్స్ లాక్. బాకీ తీర్చి కంపెనీ నుంచి క్లియరెన్స్ తీసుకుంటే పోతుంది, పైన చెప్పినవేవీ దానికి పనికిరావు. అలాగే 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో 8వ తరగతి పిల్లలకు ఇచ్చిన శాంసంగ్ ట్యాబ్‌లలో ఉన్నది సంస్థలు వాడే ఎండీఎం తాళం. దాని పగ్గం ఇంట్లో ఎవరి దగ్గరా ఉండదు. ఏదైనా ఆగిపోతే స్కూల్లోనే అడగాలి. ఫ్లాష్ కొట్టి, అంటే సాఫ్ట్‌వేర్ మొత్తం మళ్లీ ఎక్కించి, తీసేస్తామనేవాళ్లుంటారు. ఫ్లాష్ సగంలో చెడితే ట్యాబ్ ఆన్ కూడా అవ్వదు.

ఫ్యామిలీ లింక్ రిమూవర్ అంటూ టెలిగ్రామ్‌లో తిరిగే ఏపీకే ఫైళ్లు (ప్లే స్టోర్ బయటి నుంచి దించే యాప్‌లు) వేయొద్దు. తాళం తీయడానికి ఎస్ఎంఎస్ చదివే అనుమతి ఎందుకు? ఓటీపీల కోసం. తాళం తీస్తామని ఫోన్ చేసి ఎవరైనా ఓటీపీ అడిగి తీసుకుని డబ్బు లాగేస్తే వెంటనే 1930కి చెప్పాలి.

ఇక ఫోను అమ్మేద్దామనో చెల్లికి ఇచ్చేద్దామనో ఉంటే, రీసెట్‌కి ముందే సెట్టింగ్స్‌లోని అకౌంట్ల జాబితాలోంచి పిల్లాడి గూగుల్ అకౌంట్‌ని తీసేయండి. పర్యవేక్షణలో ఉన్న అకౌంటైతే అప్పుడు పెద్దవాళ్ల పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ తర్వాతే సెట్టింగ్స్ లోపలి నుంచి రీసెట్ చేయాలి. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు దీన్నే తిరగేసి చూసుకోవాలి. డబ్బులిచ్చే ముందు షాపులోనే రీసెట్ చేయించి, మీ అకౌంట్‌తో లాగిన్ అయి మొదటి స్క్రీన్ వచ్చేదాకా ఉండండి. మధ్యలో పాత అకౌంట్ అడిగితే ఆ ఫోను అక్కడే వదిలేయండి.